మామయ్య తోమిన ఇత్తడి మేకు

ఇవాళ మనం ఏ సందులో నిలబడ్డామో జేబులో ఫోనే చెప్పేస్తోంది గానీ, ఎనభైల చివర్లో, నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, ఆ ముక్క తెలుసుకోవాలంటే జీపు నిండా సామాను, లారీ బ్యాటరీలు, ఓ గొడుగు కావాల్సొచ్చేది. మిషను పెట్టె ఎండకి కాలిపోకుండా ఆ గొడుగు పట్టేవాణ్ణి నేనే. (ఎమ్మెస్సీ ఫస్టుక్లాసు! మావాడు ఉపగ్రహాల్లో పనిచేస్తున్నాడని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది.) ఆకాశంలో ఉపగ్రహాలు కూడా అప్పట్లో తక్కువ. మాచర్ల బస్సు కోసం కాచుకున్నట్టు అవి వచ్చేదాకా పడిగాపులు పడేవాళ్ళం.

రెంటచింతల అవతల ఓ పల్లెలో పని. బండరాతిలో ఇత్తడి మేకు దిగ్గొట్టి, అదెక్కడుందో ఉపగ్రహాల సాయంతో కొలిచి, ఏడాది తర్వాత మళ్ళీ కొలవాలి. మేకు జరిగితే నేల జరిగినట్టు. ఆ బండ మామయ్య పెరట్లో ఉంది. ఊరందరికీ ఆయన మామయ్యే, నాపరాళ్ళ క్వారీలో పని. అంతకు ముందు ఎండాకాలం ఓ మధ్యాహ్నం భూమి అదిరి ఆయన ఇంటి గోడ కూలింది. దాని పక్కన నిద్రపోతున్న ఒక్కగానొక్క కొడుకు పోయాడు. ఆ గోడ ఆయన తన చేతుల్తో కట్టుకున్నదే. ఊళ్ళో మరే గోడా పడలేదు. ఆ రోజు నుంచీ అత్తయ్య ఆయనకి అన్నం పెట్టేది గానీ మాట్లాడేది కాదు. ఆయన బయట చూరు కిందే తినేవాడు, అక్కడే పడుకునేవాడు.

"ఇదేం చెబుద్ది అల్లుడూ?" అనడిగాడు.

"నేల కదిలితే చెబుద్ది మామా. దీని దగ్గర ఏదీ దాగదు," అన్నాను గొడుగు కిందనుంచి గొప్పగా. మేం సామాను సర్దుకోగానే ఆయన కోళ్ళగంప తెచ్చి మేకు మీద బోర్లించాడు.

మరుసటేడు వెళ్ళి గంప ఎత్తితే మేకు పెళ్ళిబిందెలా ధగధగలాడుతోంది! "ఏంది మామా ఇది?" అంటే, "మకిలి పడితే సరిగ్గా చెప్పదేమోనని రోజూ చింతపండేసి తోమా," అన్నాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. మా పెద్దసారు మాత్రం నెత్తి పట్టుకున్నాడు. కొలతకి గురుతుగా మేకు నడినెత్తిన గీసిన సన్నటి గీతలు అరిగిపోయాయి మరి. భూతద్దం పట్టుకుని, కాలే బండ మీద బోర్లా పడుకుని, పొట్ట చురుక్కుమన్నప్పుడల్లా అమ్మో అని లేచి, మళ్ళీ పడుకుని, చివరికెలాగో ఆ గీతలు పట్టుకున్నాడు.

లెక్కలు తేలడానికి నెలలు పట్టింది. ఫలితం రాగానే నేను సెలవు పెట్టి, మిఠాయి పొట్లం కొనుక్కుని బస్సెక్కాను. పెరట్లోకి అడుగు పెడుతూనే, "మామా, ఇక భయం లేదు! నేల ఇసుమంతైనా కదల్లేదు!" అని కేకేశాను.

ఆయన మొహం పాలిపోయింది. "కదల్లేదా?" అని బండ మీద కూలబడి, తన చేతుల వంక చూసుకున్నాడు. "అయితే తప్పు నా చేతులదే. నా గోడే నా బిడ్డని తినింది."

ఓరి దేవుడా! నేల కదలకూడదని మొక్కుకుంటున్నాడనుకున్నాను నేను. కదిలిందన్న ఒక్క మాట కోసం ఏడాదిపాటు చింతపండేసి తోమాడాయన.

"అది కాదు మామా... మేకు కొట్టిన తర్వాతి సంగతే దీనికి తెలుసు. అంతకు ముందుది తెలీదు."

"అయితే ఆ పూట ఇక్కడ చానా గట్టిగా కదిలుండొచ్చా?"

"ఉండొచ్చు మామా."

ఆయన లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ ముక్క మీ అత్తకి చెప్పు."

మిఠాయి పొట్లంతో గుమ్మంలో నిలబడి చెప్పాను. అత్తయ్య నా వైపు చూడనే లేదు. నా వెనకాల ఎండలో నిలబడ్డ మనిషిని చానాసేపు చూసి, "లోపలికి రా," అంది. అంతే, కొంగు నోటికడ్డం పెట్టుకుని గొల్లుమంది.

ఆ ఉద్యోగంలోనే నా జుట్టు నెరిసింది. వెంట్రుకవాసి కదలికను పట్టే మిషన్లొచ్చాయి. కుర్రాళ్ళు రిపోర్టుల్లో 'కదిలి ఉండొచ్చు' అని రాస్తే, ఇదేం సైన్సని ఎర్రసిరాతో కొట్టేస్తుంటాను. కొట్టేసే ముందు మాత్రం, 'ఉండొచ్చు మామా' అన్న ఆ గొడుగు కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, కళ్ళద్దాలు తుడుచుకుంటాను.