తాబేలుకు ఆముదం పట్టించిన మా నాన్నగారు

మొన్న నెహ్రూ నగర్‌లో మా అమ్మాయి ఇంటికి వెళితే, మనవరాలు నన్ను సరిగా కూర్చోనివ్వకుండానే తన పెంపుడు తాబేలున్న అద్దాల తొట్టె దగ్గరికి లాక్కుపోయింది. తాబేలు డిప్ప మీద ఉల్లిపొర లాంటి పలచని రేకు ఒకటి సగం లేచి ఉంది. "అమ్మమ్మా, దేఖో నా, ఊడిపోతోంది. థోడా సా లాగితే వచ్చేస్తాది, తీసెయ్యనా?" అని తన హిందీ కలిసిన తెలుగులో అంటూ చెయ్యి పెట్టబోతే గబుక్కున పట్టుకున్నాను. నాకు మా నాన్నగారి చేతులు కళ్ల ముందు మెదిలాయి.

రైల్వే క్వార్టర్లలో పెరిగిన నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, షెడ్డులో పనిచేసేవాళ్ల చేతులు ఎంత తోమినా నూనె వాసన వదిలేవి కావు. లోకో షెడ్డులో ఫిట్టరైన మా నాన్నగారి లెక్కలో, పెచ్చులూడేదేదైనా సరే గీకాలి, తుడవాలి, నూనె పెట్టాలి. మా తలుపు బందులూ, సైకిలూ, అమ్మ కుట్టుమిషనూ అలాగే బతికాయి. ఒక వానాకాలం పెరట్లోకి వచ్చిన తాబేలును, అలా పెంచకూడదని తెలియని ఆ రోజుల్లో, మా చెల్లెలు నీళ్ల తొట్టెలో పెట్టుకుని ప్రాణంగా చూసుకునేది. కొన్నాళ్లకు దాని డిప్ప మీద రేకులు లేస్తుంటే ఏడుపు లంకించుకుంది. నాన్నగారు డ్యూటీ నుంచి వచ్చి, షెడ్డు అలవాటు కొద్దీ ఆ రేకులన్నీ గోళ్లతో ఒలిచి, షెడ్డులో మిషన్లు తుడిచే నూలు పీచు, కాటన్ వేస్టుతో తుడిచి, ఆముదం పట్టించారు. ఇక రోజూ అదే సేవ. "ఏటండీ ఇది, ఇంజనేటి మెరిపించడానికి?" అని అమ్మ నవ్వేది గానీ, తాబేలు నిగనిగలాడుతుంటే మా క్వార్టర్ల లైను లైనంతా వచ్చి చూసి వెళ్లింది.

తరువాత అది తిండి మానేసింది. ఒలిచిన చోట డిప్ప మెత్తబడి వాసన వేసింది. చెల్లెలు కూడా అన్నం ముట్టకపోయేసరికి నాన్నగారు సెలవు పెట్టి, తాబేలును కూరల సంచిలో వేసుకుని, చెల్లెలిని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. పెరిగే తాబేలుకు పాత రేకులు వాటంతటవే రాలతాయనీ, పీకితే పుండు పడుతుందనీ, నూనె జిడ్డుకు డిప్ప ఆరనే ఆరదనీ డాక్టరు కోప్పడి, పుండుకు మందిచ్చి, రోజూ మంచి నీళ్లు, కాస్త ఎండ, ఎక్కి ఆరడానికో రాయి ఉంటే చాలని చెప్పి పంపారట.

నాన్నగారు తొట్టెను ఎండలోకి జరిపి, అందులో ఇటుక వేసి, ఎదురుగా పీట మీద కూర్చున్నారు. "నా చేత్తోనే పాడుచేసేను దాన్ని" అన్నారు అమ్మతో, అంతే. సందు దొరికితే ఆయన వేళ్లు ఊరుకునేవి కావు. అందుకని డ్యూటీ లేనప్పుడల్లా రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని అలాగే కూర్చునేవారు, ఆ కూర్చునే తీరు ఆయనకు చివరిదాకా అలవాటైపోయింది. చివరికొక మధ్యాహ్నం తాబేలు మెడ చాచి తోటకూర ఆకు కొరికితే, చెల్లెలు గంతులు వేసింది గానీ కళ్లు తుడుచుకున్నది మాత్రం నాన్నగారే.

ఆ క్వార్టరు పడగొట్టేశారు, నాన్నగారూ లేరు. మనవరాలి తాబేలుకు ఎండ బదులు దీపం ఉంది. నాన్నగారు ఒక ప్రాణం మీదికి తెచ్చి నేర్చుకున్న సంగతిని ఆ పిల్ల నా పక్కనే నిలబడి ఫోనులో చూసేసి, "అచ్ఛా, లాగకూడదట" అని తన పనికి తాను పోయింది. మంచిదే. కానీ ఆ రేకు రాలేదాకా దగ్గర కూర్చునే తీరిక ఇప్పుడెవరికుంది అనుకుంటూ నేనొక్కదాన్నే అక్కడ కూర్చుండిపోయాను. మా అమ్మాయి టీ తెచ్చి, "ఏటమ్మా, అచ్చం తాతగారిలా కూర్చున్నావు" అంటే గానీ, నా చేతులు రెండూ వీపు వెనక ఉన్న సంగతి నేను గమనించనే లేదు.