పదకొండు మంది వంటలు మోసుకొచ్చిన మామ్మగారు

అందరూ కులాసాయేనా? మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు మెట్లెక్కగలుగుతున్నారా? షుగరున్నవాళ్ళు ఎవరింటికైనా వెళ్ళినప్పుడు మొహమాటానికి స్వీట్లు తినేయడం లేదు కదా? బాలింతలూ పసిపిల్లలూ బాగున్నారా? మొన్న మంచు మీద జారిపడిన వదినగారి చెయ్యి అతుక్కుందా? మీరంతా బాగున్నారనుకుంటే గాని నాకు కలం కదలదు. మా ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. మా పక్కింటి మామ్మగారే పోయారు. మూడు వారాలైంది. తొంభై దాటాక, తన ఇంట్లో, తన మంచం మీద, నిద్రలో పోయారు. ఆవిడ విషయంలో అది ఎంత పెద్ద గెలుపో చెబుదామనే ఇక్కడ అమెరికాలో మన ట్రాయ్ ఊరి తెలుగు ఆడవాళ్ళ పత్రికకి ఇది రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

మామ్మగారు యూదులు. హంగేరీ దేశంలో పుట్టారు. పదమూడో ఏట, పెద్ద యుద్ధం రోజుల్లో, ఆవిణ్ణీ వాళ్ళ అమ్మనీ జర్మన్ సైన్యంవాళ్ళు యూదుల్ని పెట్టి చంపే క్యాంపుకి పట్టుకుపోయారు. తిరిగొచ్చింది ఆవిడొక్కరే. ఈ సంగతులేవీ నాకు మొదట్లో తెలియవు. పొద్దున్నే ఏడున్నరకల్లా వంటింటి కర్టెన్ తీస్తారని మాత్రం తెలుసు. ఒక రోజు ఎనిమిదైనా తీయలేదు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో పరుగెత్తి తలుపు బాదేశాను. ఆవిడ చేతినిండా పిండితో తలుపు తీశారు.

"ఏం, ఇల్లంటుకుందా?"

"కర్టెన్ తీయలేదు, మీకేమైనా అయిందేమోనని..." అన్నాను, నా వచ్చీరాని ఇంగ్లీషులో.

"అయింది. ఆకలయింది. లోపలికి రా పిల్లా, కాళ్ళు తడిసిపోయాయి."

నాకు డెబ్బై రెండు నిండాయి. ఆవిడకి నేను పిల్లనే. ఆవిడ ఇంగ్లీషూ అంతంతమాత్రమే, నాదీ అంతే, కాబట్టి ఒకరికొకరం బాగా అర్థమయ్యేవాళ్ళం.

ఆ రోజు శుక్రవారం. సాయంత్రం వాళ్ళు దీపాలు పెట్టుకుని తినే రొట్టెకి పిండి కలుపుతున్నారు. నన్ను కూర్చోమని, పిండి మీద బట్ట కప్పి, ఫోను మోగుతుంటే లోపలికి వెళ్ళారు. బల్ల మీద నిమ్మకాయంత పిండి విడిగా పడి ఉంది. అయ్యో, ఇది మర్చిపోయారు, ఎండిపోతుంది, దండగవుతుంది అని కంగారుపడి, దాన్ని తీసి పెద్ద ముద్దలో కలిపేశాను. మామ్మగారు వచ్చి చూసి, "ఇక్కడున్న ముక్కేది?" అన్నారు. కలిపేశానని చెప్పాను. అది దేవుడి వాటా అట. రొట్టె కాల్చేముందు తీసి పక్కన పెట్టి, తర్వాత నిప్పుకి ఇచ్చేస్తారట. ఆచారం ఉన్న ఇంట్లో ఎంత పని చేశాను!

ఆవిడ మాత్రం నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి అన్నారు: "దేవుడి వాటాని వెనక్కి పెట్టినవాళ్ళని ఇద్దర్నే చూశాను. నువ్వొకదానివి. రెండోది మా అమ్మ. క్యాంపులో మాకిచ్చే రొట్టె ముక్క అరచేతిలో సగం ఉండదు. అందులోంచి కూడా చిటికెడు తీసి దేవుడికని పక్కన పెట్టేది. ఒక నిమిషం ఆగి, 'ఆయనకి ఆకలిగా లేదట' అని నా నోట్లో పెట్టేది."

ఆవిడ నోరు విప్పింది ఆ రోజే. కూతుళ్ళకైనా ఎప్పుడూ చెప్పలేదు. పెద్దకూతురు అడిగినప్పుడల్లా "గుర్తులేదు" అనేవారు. మరి నాకెందుకు చెప్పారంటే, "వాళ్ళు ఏడుస్తారు. నువ్వు ఏడవవు, కంగారుపడతావు. కంగారు నయం" అన్నారు.

వెట్టిపని నుంచి తిరిగొచ్చాక ఆ క్యాంపులో ఆడవాళ్ళు పొయ్యి లేకుండా వంట చేసేవాళ్ళట. ఒకావిడ క్యాబేజీ కూర, ఒకావిడ గసగసాల రోల్, ఇంకొకావిడ ప్లమ్ పళ్ళు పెట్టిన ఉండలు. ఖాళీ చేతులు చాచి ఇంత పిండి, ఇంత తేనె అని చూపించుకునేవాళ్ళు. "అంత నెయ్యా, మొగుడు పారిపోతాడు!" అని ఒకళ్ళనొకళ్ళు దెప్పుకునేవాళ్ళు. అందరిలోకీ మామ్మగారు చిన్న. "నీ బుర్ర ఖాళీ, ఇవన్నీ అందులో పెట్టుకో" అన్నారట. అమ్మతో కలిపి పదకొండు మంది, మనిషికొక వంట; అమ్మది ఈ శుక్రవారం రొట్టే. ఆవిడ అన్నీ పెట్టుకున్నారు. ఏళ్ళ తరబడి రోజూ అంట్లు తోముతూ వరసగా అప్పజెప్పుకునేవారు, మనం పిల్లలప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు.

నిరుటి నుంచి మామ్మగారి చేతులు వణకడం మొదలైంది. మాటలూ తడబడుతున్నాయి. నాకు భయం పట్టుకుంది. ఆవిడతోపాటు ఆ పదకొండు మందీ ఇంకోసారి పోతారు కదా! మనవరాలు, పెద్దకూతురి కూతురు, ఒకసారి పక్కన నిలబడి ఆ శుక్రవారం రొట్టె కప్పులతో కొలిచి రాసుకుంది. రొట్టె రాయిలా వచ్చింది. మామ్మగారు దాన్ని తలుపుకి అడ్డం పెట్టి, "పనికొచ్చింది" అన్నారు. నాతో మాత్రం, "కప్పుకేం తెలుసు? వాళ్ళు నాకు చేతులతో చెప్పారు. ఏదీ, నీ చెయ్యి చూపించు" అన్నారు. అరచేతికి అరచెయ్యి ఆనించి చూశారు. వేళ్ళు సరిగ్గా సమానం.

"ఇక నువ్వు తప్పించుకోలేవు. రాసుకో."

నాకు తెలుగు తప్ప రాయడం రాదన్నాను. ఏ భాషైతేనేం అన్నారు. నేను శ్రీరామ రాసుకునే పుస్తకం తిరగేసి వెనకనుంచి మొదలుపెట్టాను. నాలుగు దోసెళ్ళ పిండి. చారెడు తేనె. ఉప్పు, మూడు వేళ్ళతో పట్టినంత. చెవితమ్మెంత మెత్తగా అయ్యేదాకా పిసకాలి. ఇలా పదకొండూ రాశాను. నేను గుడ్డు ముట్టను, కాబట్టి గుడ్డు పడే ఆ రొట్టె రుచే తెలియదు. తప్పు రాశానేమోనని రోజుకి పదిసార్లు అడిగేదాన్ని. ఆవిడ విసుక్కోలేదు. "భయపడు పిల్లా. కానీ పిండి పిసుకుతూ భయపడు. నేనూ అలాగే బతికాను" అన్నారు. తను పోయాకే కూతుళ్ళకివ్వమన్నారు. ఇల్లు తగలబడితే ఎలా, నేనే ముందు పోతే ఎలా అని ఆ పుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. మా అమ్మాయి పచ్చడనుకుని తెరిచింది కూడా.

వాళ్ళకీ మనలాగే చావింట్లో కూతుళ్ళు వంట చెయ్యకూడదు. ఏడు రోజులూ ఇరుగుపొరుగువాళ్ళే తేవాలి. గుండ్రంగా ఉండే గింజలు మంచివంటే ఎర్రకందిపప్పు వండి పట్టుకెళ్ళాను. రెండో చేతిలో పుస్తకం. సంగతి చెప్పగానే పెద్దకూతురి మొహం ఎర్రబడింది.

"అమ్మ నీకు చెప్పిందా? నేను అరవై ఏళ్ళుగా అడుగుతున్నాను!"

మామ్మగారు అన్నమాటే చెప్పేశాను: మీరు ఏడుస్తారని, నేను కంగారుపడతానని. పెద్దకూతురు నన్ను పైకీ కిందకీ చూసింది. నా చేతిలో పప్పుగిన్నె మూత టకటకలాడుతోంది. ఫక్కున నవ్వేసింది. "అమ్మ సరైన మనిషినే పట్టింది" అంటూ గిన్నె అందుకుంది.

పట్టింపు కూతుళ్ళకే కాబట్టి, ఆ శుక్రవారం మామ్మగారి వంటింట్లోనే మనవరాలు పిండి కలిపింది. నేను తెలుగులో చదువుకుని, చెయ్యి చాచి చూపించాను. ఆ అమ్మాయిది పెద్ద చెయ్యి. "ఒక వేలు మడుచుకో" అన్నాను. పిండి పొంగుతోందా లేదా అని నేను ఆరుసార్లు బట్ట ఎత్తి చూస్తే, ఏడోసారి నా చేతి మీద ఒక్కటేసింది. తర్వాత దాన్ని పాయలు తీసి, జడలా అల్లి, ఓవెన్‌లో పెట్టింది.

పెద్దకూతురు ఒక ముక్క తుంచుకుని నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది.

"ఉప్పెక్కువ" అంది.

మూడు వేళ్ళని రాశాను, రెండేమో!

"అమ్మ రొట్టెలో ఎప్పుడూ ఉప్పెక్కువే. ఇదే!" అని కేకేసి, లేచి నిలబడి నన్ను పట్టుకుని ఊపేసింది. ఇంటినిండా ఉన్న చుట్టాలంతా ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళు లాక్కుని తిన్నారు. ఆ వంటలు చెప్పినవాళ్ళని ఆకలితో మాడ్చి, వాళ్ళ ఊసే లేకుండా చెయ్యాలనుకున్నారు కదా ఆ క్యాంపు నడిపినవాళ్ళు. నేను పుస్తకం తెరిచి, దర్జీ భార్యది ఇది, నూనెకొట్టావిడది ఇది, అని పదకొండూ చదివాను. ఒక్కొక్కటి చదవగానే అందరూ చప్పట్లు. చావింట్లో చప్పట్లేమిటని నేను కంగారుపడుతూనే ఉన్నాను, పెద్దకూతురు అందరికంటే గట్టిగా కొడుతోంది.

వరసలో తర్వాతది నూనెకొట్టావిడ క్యాబేజీ కూర. అందులో గుడ్డు లేదు, మా వంటింట్లోనే చెయ్యొచ్చు. వచ్చే గురువారం పొద్దున్న పదింటికి రమ్మని తల్లీకూతుళ్ళకి చెప్పాను. తొమ్మిదిన్నరకే వస్తామన్నారు. క్యాబేజీలు రెండు తెచ్చి పెట్టాను.