చూసిన సాక్షి ఒక్కడు

మా సంఘంలో బాప్తిస్మం కావాలంటే దేవుడు ఎలాంటివాడో ఒప్పజెప్పాలి. అదృశ్యుడు, మార్పులేనివాడు, అంతటా ఉన్నవాడు, అన్నీ ఎరిగినవాడు, అన్నీ చేయగలవాడు. ఐదే ఐదు మాటలు, నేర్పించే పని నాది. గొల్లపల్లి లింగవ్వకు మూడు నెలలుగా చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. బీడీలు చుడుతూనే వింటుంది. మొదటి మాట దగ్గరే మొండికేస్తుంది.

"అదృశ్యుడంటే ఏంది సారూ?"

"కనబడనోడు."

"అంటే మా జలపతి లెక్కనా?"

జలపతి ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. అడవిలోని నక్సలైటు అన్నలకు అన్నం పెట్టాడన్న అనుమానంతో, తొంభై ఒకటి ఎండాకాలంలో జగిత్యాల బస్టాండు దగ్గర పోలీసులు జీపులో ఎక్కించుకుపోయారు. మేం తీసుకుపోలేదని తర్వాత వాళ్ళే అన్నారు. 'యువకుడి అదృశ్యం' అని పేపరు రెండు వరుసలు వేసి ఊరుకుంది. లింగవ్వ కనబడ్డ దేవుడికల్లా మొక్కి, చివరికి మా రేకుల చర్చికి వచ్చింది.

"ఏం మనిషివవ్వా! దేవుణ్ణి పట్టుకొని గట్లంటవా?" అని కసిరాను.

ఆమెను కసురుతున్నాను గానీ, నా కోపం నామీదే. ఆ రోజు బస్టాండులో చాయ్ తాగుతూ నేను చూశాను. జలపతి నన్ను గుర్తుపట్టి "సారూ!" అని కేక కూడా వేశాడు. నేను తల దించుకున్నాను. పెళ్ళాం పిల్లలు ఉన్నవాణ్ణి, ఏం చేయను? ఇంట్లో కూడా చెప్పలేదు.

నిన్న పొద్దున ఎలాగో నాలుగో మాట దాకా వచ్చి చెబుతుంటే ఆమె బీడీ ఆకు కోస్తున్న కత్తెర ఆపింది.

"అన్నీ ఎర్కున్నోడా? అయితే మా పోరన్ని జీపుల ఎక్కించింది సుత సూసిండా?"

"సూసిండవ్వా."

"అరె, గీ ముచ్చట ముందుగాల సెప్పవైతివి! కోర్టుల కేసు ఎయ్యాల్నంటే, సూసిన సాచ్చి ఒక్కడన్న కావాల్నన్నడు వకీలు. దేవునితోని సాచ్చెం సెప్పియ్యి సారూ!"

"దేవుడు కోర్టుకు రాడవ్వా."

"ఎందుకు రాడు? అన్నీ సేస్తడంటివి గద! పోలీసోల్లంటే బుగులా, బయపడ్తడా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "దేవునికి ఎవ్వలంటే బుగులు? సూసి బుగులు వడ్డది నేను!" అని అరిచాను.

అరిచాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు. లింగవ్వ తిడుతుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఒళ్ళోని బీడీల చేట పక్కన పెట్టి లేచింది.

"నడువు సారూ. వకీలు ఇంట్లనే ఉంటడు" అంది.