కాలువ అడుగున ఎర్ర బొట్టు

విమానాల నిండా మన కుర్రాళ్లే కెనడాలో దిగుతున్న ఆ రోజుల్లో, కాలేజీ సీటు దొరకడం పెద్ద గొప్ప కాదు, కో-ఆప్ ఉద్యోగం, అంటే చదువులో భాగంగా చేసే జీతం పని, దొరకడం గొప్ప. నాతో వచ్చినవాళ్లు గోదాముల్లో పెట్టెలు మోస్తుంటే నేను మేముండే మిల్టన్ ఊళ్లో లైబ్రరీకి వెళ్లి, అలల గురించి దొరికిన ప్రతి పుస్తకమూ చదివేశాను. (అక్కడ హీటరు బాగా పనిచేసేది, అదీ ఒక కారణమే.) ఆ చదువు చూపించే, సరస్సుల్లో అలలు కొలిచే పరికరాలు అమర్చే ఒక చిన్న కంపెనీలో దూరాను. యజమాని గుంటూరాయన, మాకందరికీ అంకుల్. "రేపు సరస్సులో ఒకటి, హార్బర్ కాలువలో ఒకటి దింపుతున్నాం. రెండూ పనిచేస్తే నీ కో-ఆప్ కన్ఫర్మ్ చేస్తా. లేకపోతే నువ్వూ పెట్టెల దగ్గరికే" అని, కాలువలో దింపాల్సినదాన్ని ఇంటికి తీసుకెళ్లి ఛార్జింగ్ పెట్టుకు రమ్మన్నారు.

ఆ రోజు దసరా. నేను అద్దెకున్న బేస్‌మెంట్ పైన ఉండే ఓనరాంటీ, కారు తాళాలు, కుట్టుమిషను, మిక్సీ వరసగా పూజలో పెట్టి, నా పరికరాన్ని కూడా తెమ్మన్నారు. తెచ్చి ఊరుకోవచ్చుగా? మూత తీసి పాఠం మొదలుపెట్టాను. "ఈ గుండ్రటి బిళ్ల ఉందే ఆంటీ, ఇదే దీని ముఖం. నీళ్ల అడుగు నుంచి శబ్దం పైకి పంపుతుంది. అది నీటి పైభాగానికి తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి అల ఎత్తు చెబుతుంది. దానికి ఏదీ అడ్డం రాకూడదు." నేనీ చివరి మాట అనేసరికి వంటింట్లో కుక్కర్ కూసింది, ఆంటీ అటు పరిగెత్తారు. మర్నాడు పొద్దున్న పైకి వెళ్లేసరికి పరికరం మూత బిగించి, పులిహోర డబ్బా పక్కన సిద్ధంగా ఉంది.

సరస్సులో పని సాఫీగానే అయింది. అసలు గండం కాలువలో. ఒక ఓడ వెళ్లాక ఇంకొకటి వచ్చేలోపే మనిషి నీళ్లలోకి దిగి రావాలి. మా డైవర్, నెరిసిన గడ్డం పెద్దాయన, పరికరాన్ని అడుగున బిగించి మూత తీశాడు. గట్టు మీద కంప్యూటర్‌లో అలల ఎత్తు చూపాల్సిన గీత అలాగే తిన్నగా పడి ఉంది. ఎదురుగా నీళ్లు కదులుతూనే ఉన్నాయి. చల్లటి నీటి పొర శబ్దాన్ని వంచుతుందన్నాను. బుడగలన్నాను. బురదన్నాను. అంకుల్ స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా, "పుస్తకంలో రిపేరు గురించేమైనా రాశారా?" అన్నారు.

అంతలో రేడియోలో కబురు, ఓడ కాలువవైపు తిరిగిందని. అంకుల్ మొహం గట్టిపడింది. పరికరం విప్పేసి పైకి రమ్మని, ఈ ఏటికి ఇక దింపేది లేదని, నీళ్లలో ఉన్న డైవర్ హెల్మెట్‌కి తీగతో కలిపిన ఫోన్‌లో చెప్పారు. నా కళ్లముందు గోదాములూ పెట్టెలూ మెదిలాయి. డైవర్ మాత్రం తన తప్పేమీ లేదని ఇంగ్లీషులో ఒక్కొక్కటే అప్పజెబుతున్నాడు: బోల్టులు బిగువుగా ఉన్నాయి, కేబుల్ బాగుంది, ముఖం నడిమధ్యన కంపెనీవాళ్లు అతికించిన ఎర్ర మార్కు కూడా చెక్కుచెదరలేదు.

నేను అంకుల్ మోచెయ్యి పట్టుకున్నాను.

"అంకుల్, దాన్ని పీకేయమనండి."

"దేన్ని?"

"ఆ మార్కుని. అది కంపెనీది కాదండీ. మా ఆంటీ పెట్టిన బొట్టు. వెల్వెట్‌ది."

ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఫోన్ ఎత్తి డైవర్‌కి చెప్పారు. కాసేపటికి గీత ఉలిక్కిపడి లేచింది. డైవర్ గట్టెక్కి, గ్లవ్ మీద అంటుకున్న ఎర్ర బిళ్లను నా చేతిలో పెట్టాడు. వెనకే ఓడ వచ్చింది. దాని అలలన్నీ స్క్రీన్ మీద వంకరటింకరగా పరుగెత్తాయి. అంకుల్ పులిహోర డబ్బా మూత తీస్తూ, "దసరాకి మా ఇంట్లో కూడా బొట్టు పెడతారయ్యా, కాకపోతే ముఖం ఎక్కడుందో పాఠం చెప్పేవాడుండడు" అన్నారు. నా కో-ఆప్ నిలిచింది.

ఇప్పుడు నేనూ కొత్త కుర్రాళ్లకి పాఠాలు చెబుతున్నాను, అవి కాస్త పొడుగే అవుతున్నాయి. ఆంటీ దసరాకి ఫోన్ చేసి, "బొట్టు పెట్టావా నాన్నా, ముఖానికేనా?" అని అడుగుతారు. పెట్టానంటాను. పరికరాన్ని నిలబెట్టే స్టాండు కాలికి పెడుతున్నానని ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు.