నూనె రాసే సినిమాకి నొప్పి కావాలట

సిటీ శివారు టార్నీట్‌లో మా అక్క ఇంట్లో నా పక్క గదిలో అద్దెకుండే అమ్మాయి జర్మనీలో పుట్టి పెరిగిన నల్లమ్మాయి. ఇక్కడ యూనివర్సిటీలో సినిమా చదువుతోంది. పోయిన ఏడాది ఒక చిన్న సినిమా తీసింది. అందులో ఒక తల్లి కూతురి తలకి నూనె రాస్తూ మాట్లాడుతుంది. అంతే. గొంతు వాళ్ళ అమ్మదే, జర్మనీ నుంచి రికార్డు చేసి పంపింది. పక్కింటాయన సైకిలు మెట్లకి అడ్డంగా పెడతాడన్నదే ఆవిడ బాధ. కూతురు తనే, తల్లి చేతులు మాత్రం నావి. ఆ జుట్టుకి జడలల్లడం నా వల్ల కాలేదు కాబట్టి నూనెతోనే సరిపెట్టాం.

అక్క ఫోన్లో చూసింది. "ఏందే, నూనె పెట్టుడేనా, స్టోరీ ఏది? జర బ్రైట్‌నెస్ పెంచమను, ఇద్దరూ నల్లగ కనపడ్తున్నరు."

"ఇద్దరం నల్లగనే ఉన్నం గదక్కా."

"అది రియల్ లైఫ్‌ల. స్క్రీన్ మీదనన్న..." అని ఆగిపోయింది. నలుపుని అసహ్యించుకోవడానికి జర్మనీ దాకా పోనక్కర్లేదని అప్పుడే అర్థమైంది.

సిటీలో ఆడవాళ్ళు తీసిన జర్మన్ సినిమాల సాయంత్రం ఒకటి జరుగుతుంది. దానికి మా సినిమా ఎంపికైంది. వాళ్ళమ్మ ఆ సంగతి వీధంతా చెప్పేసింది. తరవాత దాని నిర్వాహకురాలు, ఒక తెల్లావిడ, ఒకసారి వచ్చి కలవమంది. తోడుగా నేనూ వెళ్ళాను.

ఆవిడ చెవులకి ఆఫ్రికా ఖండం ఆకారంలో చెక్క లోలాకులు. ఆ చేతులు నావని తెలియగానే నా కుడిచెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఈ చేతుల్లో శతాబ్దాల బానిసత్వపు బరువుంది," అంది. ముందురోజు బిర్యానీ గిన్నె తోమిన బరువైతే ఉంది.

"కానీ సినిమాలో నొప్పేదీ? ఒక్క సీను కలుపు. రైల్లో ఎవరో నిన్ను అవమానిస్తారు. అప్పుడు చూసేవాళ్ళకి నువ్వు అర్థమవుతావు."

"రైల్లో నన్ను అవమానించారు. ఈ సినిమా దాని గురించి కాదు," అంది మా పక్కగది అమ్మాయి.

ఆవిడ కళ్ళు తళుక్కుమన్నాయి. "పోనీ, సినిమా ముందు స్టేజి ఎక్కి అదే చెప్పు. రెండిట్లో ఏదో ఒకటి లేకుండా వేయలేను."

ఎలా తీయాలో నేర్పడానికి పోయిన ఏడాది అందరినీ ఏడిపించిన సినిమా ముక్క ఒకటి చూపించింది. తీసిందీ ఆడమనిషే. ఒక నల్లవాడు స్నానం చేస్తుంటాడు. కెమెరా అతని వీపు మీద చీమలా పాకుతుంది. కిటికీలోంచి ఒక తెల్లామె చూసి, తన జీవితమెంత ఖాళీయో తెలుసుకుని ఏడుస్తుంది. ఒళ్ళు రుద్దుకోవడం తప్ప అతనికి పనిలేదు.

"అతని పేరేంటి?" అడిగింది మా అమ్మాయి.

ఆవిడ ఆలోచించింది. "పేరు లేదు. అదే ఆ పాత్ర అందం."

చిన్నప్పటి నుంచీ మా అమ్మాయి చదివిన పుస్తకాలన్నీ ఇలాంటివేనట. తెల్ల రచయిత్రులు ఎంతో ప్రేమగా నల్లపిల్లల్ని చాక్లెట్‌తో, కాఫీతో పోలుస్తారు. అది వర్ణనో, ఆకలో నాకు తెలియదు. మగవాళ్ళ నుంచి తను ఏమీ ఆశించలేదట, ఒళ్ళుమండేది వీళ్ళ మీదే. తమ గురించి తామే రాసుకున్న నల్ల రచయిత్రులూ జర్మన్‌లో ఉన్నారు. సూట్‌కేసులో బట్టలు తగ్గించుకుని మరీ ఆ పుస్తకాలు తెచ్చుకుంది. ఈవిడ అల్మరాలోనూ అవి ఉన్నాయి, ఒక్కసారీ తెరవనట్టు, కొత్తగా.

మా అమ్మాయి లేచింది. "నా సినిమా మీ లిస్టులోంచి తీసేయండి."

"నువ్వు కోపంలో ఉన్నావు," అందావిడ. చివరికి దొరికిన నొప్పిని అక్కడికక్కడే షూట్ చేసుకునేదానిలా చూసింది.

సినిమా వేయడంలేదని చెప్పడానికి తిరుగు రైల్లో వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. నాకు జర్మన్ రాదు. అటు నుంచి ఒక చిన్న ప్రశ్న వినిపించింది.

"ఏమంటోంది?" అన్నాను.

"'నేను సరిగ్గా మాట్లాడలేదా, అందుకే వద్దన్నారా?' అంటోంది."

చాలా బాగా మాట్లాడావమ్మా అని చెప్పడానికి మా అమ్మాయికి టార్నీట్ వచ్చేదాకా పట్టింది.