చెలమ నీళ్ల సీసాలు

నేను పంపిన సీసాల్లో ఉన్నవి ఉప్పును ఆపే పొర వడకట్టిన నీళ్లు కావు. ఇసుకలో గుంట తవ్వి తోడిన చెలమ నీళ్లు. అవి పొర నీళ్లేనని చెప్పాను. ఆ మాట ఒక పెద్ద పత్రికలో అచ్చయింది.

ఇన్నేళ్లుగా దీన్ని మోస్తున్నాను. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె అందుకునేటప్పుడు చెయ్యి వణికేది. పక్కవాళ్లు ముసలితనం అనుకున్నారు. అది భయం. మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషికైతేనే చెప్పగలనని అనిపిస్తోంది.

మాది జువ్వలదిన్నె దగ్గర సముద్రపు ఒడ్డు. ఊళ్లో ఉప్పు నీటిని మంచినీటిగా మార్చే మిషను ఉండేది. దాన్ని నడిపింది నేనే. బడి చదువు ఐదో తరగతి దగ్గర ఆగిపోయింది. తక్కినదంతా ఆ మిషను పక్కన కూర్చొని, దొరికిన కాగితమల్లా చదివి నేర్చుకున్నాను. మంచినీళ్ల కమిటీ పెద్ద మాత్రం నలుగురిలో, "ఏం సైంటిస్టూ, ఈ పొద్దన్నా సముద్రం తీపెక్కిందా?" అని పలకరించేవాడు. అందరూ నవ్వేవారు. ఆ నవ్వు ఇప్పటికీ మండుతుంది.

అలాంటప్పుడు నెల్లూరు నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. ఉప్పును ఆపే పలుచని పొరను తానే తయారు చేసుకొచ్చి, మా మిషను పక్కన చిన్న గొట్టంలో అమర్చింది. రోజూ పొద్దున దాన్ని నడిపి, వచ్చిన నీళ్లు సీసాలో పట్టి, తేదీ అంటించి, బిట్రగుంటలో రైలెక్కే మనిషి చేతికిచ్చి పంపడం నా పని. నన్ను అన్నా అని పిలిచేది. పొర ఎలా పనిచేస్తుందో ఇసుకలో పుల్లతో గీసి చూపింది. ఒక్కటే గట్టిగా చెప్పింది. పొర ఎప్పుడూ తడిగా ఉండాలి. ఆరితే కంటికి కనపడని పగుళ్లు వస్తాయి, ఉప్పు దూరిపోతుంది.

మా ఒడ్డున ఒక పద్ధతి ఉంది. వేటకు పోయిన పడవ తిరిగి రాకపోతే ఊళ్లో ఎవరూ మోటారు వేయరు. దూరాన ఇంజను చప్పుడో మనిషి కేకో వినపడాలని. ఆ ఎండాకాలం ఒక పడవ రాలేదు. నేనూ మిషను ఆపేశాను. ఆపడంలో తప్పు లేదు. ఆపేటప్పుడు పొర మునిగేలా గొట్టంలో మందు కలిపిన నీళ్లు పోసి మూత బిగించాలి. చేతులతో అయ్యే పని, మోటారు అక్కర్లేదు. నేను పోయలేదు. అందరితో పాటు ఒడ్డుకు పోయి చెవి అటే పెట్టి కూర్చున్నాను. ఊరంతా ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు పొర సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఈ ప్రశ్న వేసుకుని నన్ను నేను ఎన్నిసార్లు క్షమించుకున్నానో. నిజం చెప్పాలంటే గుర్తొచ్చింది. మర్నాడే గుర్తొచ్చింది. ఆడవాళ్లు ఏడుస్తుంటే వీడికి మిషను ముఖ్యమయిందని అంటారేమోనని, లేవబోయి మళ్లీ కూర్చున్నాను.

పడవ వచ్చింది. అందరూ ప్రాణాలతో వచ్చారు. ఊరు సంబరపడుతుంటే నేను గొట్టం విప్పాను. పొర ఎండి, అంచుల దగ్గర ముడుచుకుని ఉంది. తడిపి నడిపితే నీళ్లు ఉప్పన.

సీసా తీసుకుని దిబ్బల వెనక చెలమకు పోయాను. ఆ నీళ్లలోనూ కాస్త ఉప్పు ఉంటుంది, మునుపటి పొర నీళ్లకన్నా తక్కువ. ఉప్పు కొలిచే చేతి మీటరు పెట్టి చూస్తూ, గొట్టంలోంచి వచ్చిన ఉప్పునీళ్లు కొంచెం కొంచెం కలిపి, మునుపు వచ్చిన అంకె దగ్గరికి తెచ్చాను. ఆ మీటరు చూడటం నేర్పింది ఆమే.

ఒక్క సీసాతో ఆపి, తర్వాత చెప్పేద్దామనే అనుకున్నాను. రెండు రోజులకు ఆమే ఫోన్ చేసింది.

"అన్నా, పడవ కోసం మోటార్లు ఆపేసినారంట గదా. నా పొర ఆరిపోయుంటుందే."

చెప్పడానికి అంతకన్నా అదను ఏముంటుంది?

"ఆరింది మేడం. మళ్లా తడిపినా. కోలుకునింది."

"కోలుకునిందా? నిజంగానా అన్నా?"

"సీసాలు మీ దగ్గరికే వస్తుండాయి గదా. మీరే చూసుకోండి."

ఆమె నవ్వు వినపడింది. "అయితే మనం బో పెద్ద సంగతే కనిపెట్టినాం అన్నా" అనింది.

మనం అంది. నా బతుకులో ఎవరూ నన్ను కలుపుకొని ఆ మాట అనలేదు. ఆ తర్వాత సీసాలన్నీ చెలమలోనే నింపాను.

ఆరిన పొర కోలుకుందన్న ఆమె పరిశోధన, పొరల మీద పరిశోధనలు మాత్రమే వేసే పత్రికలో వచ్చింది. ఒక ప్రతి నాకూ పంపింది. నిఘంటువు పక్కన పెట్టుకుని మాట మాటకూ అర్థం చూసుకుంటూ చదివాను. నెల్లూరులో ఉన్న పొర ముక్క ఆరితే కోలుకోలేదట. మా తీరపు నీళ్లలో ఏదో గుణం ఉండబట్టే ఇక్కడ కోలుకుందట. లేని గుణానికి అంత కారణం రాశారు. చివర కృతజ్ఞతల్లో నా పేరు. అంతమంది పండితులు పరిశీలించి అచ్చు వేశారే, నీళ్లు పట్టిన మనిషిని ఒక్కరైనా ఎందుకు అడగలేదు? చూశారా, మళ్లీ వాళ్ల మీదికి నెడుతున్నాను. ఆమె అడిగింది. నిజంగానా అన్నా అని అడిగింది.

ఈ ఎండాకాలం, దొరవారిసత్రం అవతల పులికాట్ ఒడ్డున ఒక ఊళ్లో ఆ రకం పొరతోనే మిషను పెట్టారని విన్నాను. మొన్న బస్సెక్కి పోయాను. కరెంటు లేనప్పుడు ఉత్తినే ఆపేస్తారు. ఆరినా పరవాలేదని నడిపే మనిషికి నేర్పి పోయారు. కొళాయి కింద దోసిలి పట్టాను. ఆ ఉప్పదనం నాకు తెలుసు.

"ఎండాకాలం ఇట్నే ఉంటాయిలే పెద్దాయనా" అనింది బిందె పట్టుకుంటున్న ఆమె. "మిషను నీళ్లే గదా, ఏం గాదు."

ఆమె కోడలు నిండు నెలల మనిషి. అరుగు మీద వాచిన కాళ్లు చాపుకుని అవే నీళ్లు తాగుతోంది. కడుపుతో ఉన్నవాళ్లకు కాళ్లు వాస్తాయి, మామూలే. మామూలేనా? నా నీళ్లేనా? ఎవరిని అడిగి తెలుసుకోను? తాగొద్దమ్మా అని అక్కడే చెప్పాలి. ఎందుకని అడుగుతారు. చెప్పకుండానే తిరుగు బస్సెక్కేశాను. అది రెండో తప్పు. మొదటిదానికన్నా పెద్దది.

ఇంటికొచ్చి నెల్లూరు మేడం నంబరు వెతికాను. ఇప్పుడు ఆమె పాఠాలు చెబుతోంది, ఆ పరిశోధన మీదే ఉద్యోగం వచ్చింది. అదీ కూలిపోతుందని తెలుసు. పోలీసులొస్తారన్న భయం కూడా ఇంత ఉండదు. చెలమ, మీటరు, పులికాట్ ఊరు, ఆ కోడలి కాళ్లు, అన్నీ ఫోనులో రాసి పంపాను. మనసు తేలికైందని రాస్తే మరో అబద్ధమవుతుంది. కానీ పంపేటప్పుడు చెయ్యి వణకలేదు. ఇన్నేళ్లలో అదొక్కసారి.

మర్నాడంతా ఫోను మోగినప్పుడల్లా ఆమేనేమోనని తీసి చూశాను. ఈ పొద్దు జవాబు వచ్చింది. తిట్టలేదు. క్షమించానని కూడా లేదు. ఉన్నది ఇంతే:

"అన్నా, ఆ ఊళ్లో కొళాయి ఆపించాను. ఇప్పుడు చెప్పండి. ఏ సీసా నుంచి చెలమ నీళ్లు?"