నాలుగో స్థానం ఎవరిది?

వాటీ గెడ్డెస్‌కి ఉన్నది ఒకటే జబ్బు. కదిలే ప్రతి మనిషికీ ర్యాంకు ఇస్తాడు.

పిట్‌కారన్‌లో సముద్రపు ఒడ్డున గోల్ఫ్ మైదానం. మొదటి బంతి కొట్టే చోటికి ఎదురుగా ఒక బల్ల. ఎండైనా వానైనా (స్కాట్లాండ్‌లో సాధారణంగా వానే) వాటీ ఆ బల్లమీదే ఉంటాడు. నెత్తిన టోపీ, ఒళ్ళో టీ ఫ్లాస్కు, నోట్లో తీర్పు.

"ఆగు! కర్ర ఎత్తినవాడివి ఎత్తినట్టే ఆగు! ఆ మోచెయ్యేమిటయ్యా, కోడి రెక్కలా? ప్రపంచంలో నలభై వేల ఆరోవాడివి. ఇక కొట్టుకో."

ఆటగాళ్ళతో ఆగితే బాగుండేది. మాంసం కొట్టు డేవీ కత్తి ఎత్తితే, "నడుము తిరగట్లేదు, భుజమొక్కటే చాకిరీ చేస్తోంది" అని రెండు వేల స్థానాలు దింపేశాడు. పాస్టరుగారు దీవించడానికి చెయ్యెత్తితే, "ఆరంభం అదిరింది, ముగింపు తేలిపోయింది" అన్నాడు, చర్చిలోనే.

ఇక సాయంత్రం పబ్బులో గోల్ఫ్ మహామహుల వరస.

"మొదటివాడు నిక్లాస్. రెండు, బాబీ జోన్స్. మూడు, హోగన్." ఇక్కడ దగ్గొస్తుంది. "ఐదు, టైగర్ వుడ్స్."

"నాలుగోవాడేడీ?"

"గొంతులో ఏదో పడింది."

"అది సరే, టైగర్ ఐదేమిటి? బుద్ధుందా నీకు?" అని డేవీ లేస్తాడు. ఆ గొడవలో నాలుగోవాడు కొట్టుకుపోతాడు. రోజూ ఇదే.

"ఇంతకీ నీ ర్యాంకెంత?" అనడిగితే మాత్రం దగ్గు రాదు. "ఆఖరిది" అంటాడు ఠక్కున. అతను కర్ర పట్టగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు.

అందరికీ నవ్వులాటే. స్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే గ్రెగర్‌కి మాత్రం గుండెదడ. అతని కొడుకు ఆర్చీకి ఏడేళ్ళు. వేసవిలో స్కూలు ఆటల పోటీలో, చెంచాలో గుడ్డు పెట్టుకు పరిగెత్తి ఆఖరున వచ్చాడు. ఎవరో నవ్వారు. అప్పటినుంచీ పిల్లాడు ఏ ఆటకీ రాడు. రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడినా వెనక్కి తిరిగి చూసుకుంటాడు. "నాన్నా, నేను ఆఖరా?"

గ్రెగర్ ఎన్ని లెక్కలు వేసినా ఒకటే తేలేది. ఎందరు ఆడినా ఎవరో ఒకరు ఆఖరు కావలసిందే. దాన్ని మార్చే సూత్రం లేదు.

అలాంటి ఆర్చీ పిల్లల గోల్ఫ్ పోటీకి తనంతట తనే పేరిచ్చాడు. ఈసారి కూడా నవ్వులపాలైతే వీడు మళ్ళీ గడప దాటడు. పోటీ రోజు పొద్దున్నే గ్రెగర్ బల్ల దగ్గరికి పరిగెత్తాడు.

"వాటీ, బతిమాలుకుంటున్నాను. మావాడికి ర్యాంకు చెప్పకు."

"కళ్ళు మూసుకోమంటావా మాస్టారూ?"

"నోరు మూసుకుంటే చాలు."

"అది మా ఆవిడ వల్లే కాలేదు."

ఆర్చీ వంతు వచ్చింది. కర్ర తిప్పాడు. గాలి తగిలింది, బంతి తగల్లేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ గాలే. మూడోసారికి వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పిల్లాడు వెనక్కి తిరిగి చూశాడు.

"నాన్నా, నేను ఆఖరా?"

గ్రెగర్ కొడుకు దగ్గరికి ఒక అడుగు వేశాడు. ఇంతలో బల్ల కిర్రుమంది. అయిపోయింది, అనుకున్నాడు.

"ఎవడ్రా నా స్థానానికి ఎసరు పెడుతున్నది?" అంటూ వాటీ వచ్చాడు. జనంలో ఉన్న డేవీ చేతిలో కర్ర లాక్కున్నాడు. కర్ర ఝుయ్యిమంది. బంతి కదల్లేదు. మళ్ళీ ఝుయ్. మళ్ళీ. నాలుగోసారి టోపీ ఎగిరిపోయింది, మనిషి గడ్డిలో చతికిలబడ్డాడు. ఊరంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆర్చీ.

"చూశావురా అబ్బాయ్? ఆఖరి స్థానం నాది. నలభై ఏళ్ళుగా కాపలా కాస్తున్నాను. ఎవడు పడితే వాడికి ఇస్తానా? పో, ఇంకో చోటు వెతుక్కో!"

"మరి నేనెంత తాతా?"

"నాకంటే పైన. ఎంత పైనో కొడితేగా తెలిసేది!"

నవ్వు ఇంకా ఆగకుండానే ఆర్చీ కొట్టాడు. బంతి లేచి అల్లంత దూరాన ముళ్ళపొదలో పడింది. వాడు దాని వెనకే పరుగు. వెనక్కి తిరిగి చూడలేదు.

గ్రెగర్ మాత్రం కదల్లేదు. చేతకాక గురి తప్పేవాడు ప్రతిసారీ ఒకేలా తప్పడు. ఒకసారి పైన, ఒకసారి పక్కన, ఒకసారి నేలలో. వాటీ కర్ర మాత్రం నాలుగుసార్లూ ఒకే దారిన, బంతికి సరిగ్గా అంగుళం పైనుంచి వెళ్ళింది. నడుము, భుజం, మణికట్టు ఒకదాని వెనక ఒకటి, కొరడా విసిరినట్టు తిరిగాయి.

టోపీ తెచ్చి ఇస్తూ చెవిలో అన్నాడు: "వాటీ, అంత కచ్చితంగా తప్పడం ఎవరివల్లా కాదు."

"మెల్లగా మాస్టారూ! మూడో కంటికి తెలియకూడదు."

"నిజం చెప్పు. నీ ర్యాంకెంత?"

వాటీ అటూ ఇటూ చూశాడు. దగ్గాడు. అచ్చం పబ్బులో దగ్గినట్టే.

గ్రెగర్ కళ్ళు పెద్దవయ్యాయి. "నాలుగా?"

"హోగన్ ఒప్పుకుంటే మూడే," అన్నాడు వాటీ టోపీ దులుపుకుంటూ. "కానీ గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు."